పలకపై మిగులు వ్రాత

మన పల్నాటిలో శావల్యాపురమువంటి యూళ్లయందు బిడ్డలు చదువులకై పట్టణములు చేరగా, వారు విడిచిన కంప్యూటరు ఇల్లాలి చేతికి వచ్చుచున్నది. గుంటూరు యార్డులో అమ్మిన మిర్చి సొమ్ము పడు బ్యాంకు ఖాతా మొదలు కరెంటు బిల్లు వఱకు ఒక్కొక్కదానికి నొక్కొక్క పాసువర్డు. వీనినన్నిటిని ఒకచోట దాచు ప్రోగ్రాములను మా సోదరీమణులు పలువురు వాడుచున్నారు. ఈ సూక్ష్మములు ఆడువారికేల యని నవ్వువారు కలరు. ఇంటి లెక్కలు చూచునది ఆమెయైనపుడు తాళపుచెవి సంగతి మఱెవ్వరికి కావలెను?

ఈ ప్రోగ్రాములు డిస్కుమీద రహస్యములను గూఢలిపిలోనే యుంచును. ప్రధానమైన పాసువర్డు గట్టిదైనచో, ఆ దస్తావేజు దొంగకు దొరకినను చదువుట సాధ్యము కాదు. చిక్కు మఱియొకచోట నున్నది. మనము పెట్టె తెఱచిన తోడనే, పని సాగుటకై ఆ రహస్యములు కంప్యూటరు మెమరీలోనికి రాక తప్పదు. డిస్కు ఇనుప పెట్టె యనుకొన్న, మెమరీ బడిపిల్లల పలక వంటిది. పెట్టె యెంత గట్టిదైనను పలకమీది వ్రాత పరాయివాని కంటబడును గదా!

2003లో జర్మనీ దేశస్థుడగు డొమినిక్ రైఖ్ల్ వెలువరించిన కీపాస్ అను ఉచిత ప్రోగ్రామును చూడుడు. అది పాసువర్డులను మెమరీలో సైతము గూఢలిపిలో నుంచి, అవసరమైనపుడే విప్పి, పని తీరినంతనే ఆ చోటును చెఱిపివేయ జూచును. అయినను తెరమీద చూపునపుడు విండోసు తనకొక నకలు చేసికొనవచ్చును. దానిపై ప్రోగ్రామునకు అధికారము లేదు. 2023లో ఆ కీపాస్‌లోనే లోపము బయటపడినది. ప్రధాన పాసువర్డు కొట్టునపుడు నల్లచుక్కల వెంట ఒక్కొక్క యక్షరపు జాడ మెమరీలో మిగులుచుండెను. వానిని కూర్చినచో మొదటి యక్షరము తప్ప తక్కినదెల్ల తెలిసికొన వచ్చెడిది. పెట్టెకు తాళము వేసిన పిదపను అంతియే. ఆ యేడు జూనులో 2.54 కూర్పుతో దానిని సరిదిద్దిరి. అంతకుముందు 2019లో ఒక అమెరికా పరిశీలక సంస్థ కీపాస్, వన్‌పాస్‌వర్డ్, డాష్‌లేన్, లాస్ట్‌పాస్‌లను పరీక్షించి, తాళము పడిన తరువాతను కొన్ని రహస్యములు నిలిచియుండుట చూపెను.

ఇంతమాత్రమున అన్ని ఖాతాలకు ఒకే పాసువర్డు మేలని మేమనము. అది యంతకంటె చేటు. పలకను చదువదలచినవాడు ముందు కంప్యూటరులో చొరవలెను. కావున ఎవ్వరో పంపిన తెలియని ప్రోగ్రామును తెఱువరాదు. పాత కూర్పులను విడిచి క్రొత్తవి వేసికొనవలెను. పని ముగిసిన తరువాత తాళముతో సరిపెట్టక ప్రోగ్రామునే మూయవలెను. రాత్రివేళ కంప్యూటరును నిద్రపుచ్చక పూర్తిగా ఆర్పుట మేలు. నిద్రలో మెమరీ మెలకువగానే యుండును. హైబర్నేటు అను మఱియొక పద్ధతిలోనైతే పలకమీది వ్రాత యంతయు డిస్కునకెక్కును.