చిప్‌ను తిరగరాయవచ్చు, కాని పట్టిక ముందే రాయాలి

మామూలు కంప్యూటర్ చిప్‌లో సర్క్యూటు ఒకసారి అచ్చయిందంటే ఇక మార్చలేం. ఇంటెల్ కంపెనీ పెంటియం చిప్‌లో భాగహారానికి వాడే పట్టిక ఒకటుంది. అందులో 5 గడుల్లో ఉండవలసిన అంకెలు లేకుండా పోయాయి. 1994లో ఆ సంగతి బయటపడి, కంపెనీకి 47.5 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి.

ఫ్యాక్టరీ దాటి వచ్చాక కూడా లోపలి అమరికను మార్చుకోగల చిప్‌లూ ఉన్నాయి. వాటిని ఎఫ్.పి.జి.ఏ.లంటారు. అమెరికాలోని జైలింక్స్ కంపెనీ 1985లో ఇలాంటి చిప్‌ను తొలిసారి బజారులోకి తెచ్చింది. ఆలోచన రాస్ ఫ్రీమన్ అనే ఇంజనీరుది. అందులో ఉన్నవి 64 తర్క గడులే.

ఆ గడి కిటుకు చాలా తేలిక. నాలుగు స్విచ్చులున్నాయనుకోండి. ఒక్కొక్కటి వేసి ఉండవచ్చు, ఆపి ఉండవచ్చు. మొత్తం 16 స్థితులు. ఏ స్థితిలో దీపం వెలగాలో 1 అనీ, ఎక్కడ వెలగకూడదో 0 అనీ వరసగా రాయండి. ఇదే సత్యపట్టిక. నేటి చిప్‌లోని గడిలో దాచి ఉంచేది ఇలాంటి పట్టికనే. 16 వరసల పట్టికను ఎన్ని రకాలుగా నింపవచ్చో లెక్క వేశారా? 65,536 రకాలుగా! అంకెలు మారిస్తే గడి చేసే పనే మారిపోతుంది. సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోనక్కరలేదు.

ఇప్పుడు పెద్ద చిప్‌లలో గడులు లక్షల్లో ఉంటాయి. వాటిని చేత్తో నింపడం మన తరమా! అందుకని ఇంజనీర్లు ముందు ఒక నమూనా రాస్తారు. నాలుగు రోడ్ల కూడలిలో సిగ్నల్ దీపాలనే తీసుకోండి. ఏ దీపం తర్వాత ఏది వెలగాలో రాసి, అడ్డంగా వచ్చే రెండు రోడ్లకూ ఒకేసారి పచ్చదీపం వెలగకూడదని షరతు పెడతారు. అది ఎక్కడైనా తప్పుతుందేమో కంప్యూటర్ మీద పరీక్షిస్తారు. ఆ నమూనా నుంచి గడుల పట్టికలను, వాటిని కలిపే దారులను సాఫ్ట్‌వేరే తయారు చేస్తుంది.

“ఎలాగూ మార్చుకోవచ్చు కదా, ముందు చిప్‌లో పెట్టి చూద్దాం, తప్పయితే దిద్దుకుందాం” అనేవారున్నారు. నేనొప్పుకోను. 2021 ఫిబ్రవరి 18న పర్సీవరెన్స్ అంగారకుడి మీద దిగింది. కింది నేల ఫొటోలను పటంతో పోల్చి, తాను ఎక్కడున్నదీ తెలుసుకోవడానికి అది ఇలాంటి చిప్‌నే వాడింది. దిగడమంతా 7 నిమిషాల పని. అక్కడి సంకేతం మనకు చేరడానికే 11 నిమిషాలు పైన పట్టింది. ఇక దిద్దేదెప్పుడు?

అలాగని నమూనా ఉంటే చాలు, అంతా అదే చూసుకుంటుందనడమూ సరికాదు. సిగ్నల్ నమూనాలో నడిచి రోడ్డు దాటే ముసలమ్మ సంగతి రాయడం మరిచిపోతే, కంప్యూటర్ ఏ తప్పూ చూపదు. దానికి ఆమె ఉన్నట్టే తెలియదు మరి. ఆ షరతు మనిషే తలచుకుని రాయాలి.

మన ప్రాక్టికల్ రికార్డులలో పట్టికలు చాలావరకు తిరగబడి ఉంటాయి. ఫలితం చూశాక నింపుతారు! మెట్ల దీపానికి కింద ఒక స్విచ్చు, పైన ఒక స్విచ్చు ఉంటాయి కదూ. దాని పట్టికలో నాలుగే వరసలు. ముందు రాసుకోండి. తర్వాత వెళ్ళి స్విచ్చులు వేసి చూడండి.