ఆ ‘ఇట్’ ఎవరు?
అమెరికాలోని క్యారీ ఊళ్లో వేంకటేశ్వరస్వామి గుడి మెట్ల దగ్గర మనవడు “తాతయ్యా, నువ్వు తిన్నావా?” అంటే వాళ్లమ్మ కళ్లెర్రజేస్తుంది. పిల్లాడి తప్పేముంది? బళ్లో వాడికి పెద్దకూ చిన్నకూ ‘యూ’ ఒక్కటే దిక్కు. ఇంగ్లీషుకూ ఒకప్పుడు ‘నువ్వు’ ఉండేది, ‘దౌ’ అని. మర్యాదకు వాడే ‘యూ’ 17వ శతాబ్దంలో దాన్ని చాలావరకు తరిమేసింది. ఆ లెక్కన ఇంగ్లీషువాళ్లు అందరినీ ‘మీరు’ అంటున్నట్టే! మన ఊళ్ల బళ్లలోనేమో ‘యూ’ లాంటి ప్రొనౌన్ (సర్వనామం) అంటే రకాల పట్టిక. పర్సనల్, రిఫ్లెక్సివ్, రిలేటివ్ అంటూ గడగడా అప్పజెప్పే కుర్రాణ్ణి ‘ఇట్ ఈజ్ రెయినింగ్’లో ‘ఇట్’ ఎవర్రా అంటే నీళ్లు నములుతాడు. ఎవరూ కాదు. ఇంగ్లీషు వాక్యంలో మామూలుగా కర్త కుర్చీ ఖాళీగా ఉండకూడదు, అంతే. మనకు ‘వచ్చాను’లోనే ‘నేను’ ఉంది. పట్టిక పక్కనపెట్టి, పాఠాన్ని ముందు ‘వుయ్’తో మొదలెట్టమంటాను: ‘వుయ్ ఆర్ గోయింగ్ టు డిన్నర్’ అన్నవాడు మనల్నీ రమ్మంటున్నాడా, మేం వెళ్తున్నాం మీరిక లేవండంటున్నాడా?