కాటా వాడిదే, లెక్కా వాడిదే

“కనెక్టర్ లేకుండా యాడ్స్‌కి డబ్బులు పెట్టేవాడు వ్యాపారం చేయట్లేదండీ, జూదం ఆడుతున్నాడు.” నరసరావుపేటలో ఈమధ్య జరిగిన ఒక వ్యాపారుల సమావేశంలో హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్రాడు మైకు పట్టుకుని అన్న మాట ఇది. ముందు వరసలో బట్టల షాపులవాళ్లు, విత్తనాల డీలర్లు, ఇద్దరు ముగ్గురు హాస్పిటల్ మేనేజర్లు. అందరూ తలలూపారు. ఒకాయన లేచి వెళ్లి తెర మీద బొమ్మని ఫోన్లో ఫొటో కూడా తీసుకున్నాడు. మల్లమ్మ సెంటర్ దగ్గర ఏళ్ల తరబడి కొట్టు నడుపుతూ, మనిషి మెట్టెక్కే తీరు చూసి కొంటాడో బేరమాడి వెళ్లిపోతాడో చెప్పగల పెద్దాయన్ని మొహం మీద జూదరి అంటే, ఆయనా తలూపాడు. నాకు ఒళ్లు మండింది.

ఈ ఊళ్లో కొన్ని దుకాణాలకి గూగుల్, ఫేస్‌బుక్ యాడ్స్ నడపడం నా పని. యాడ్స్ లెక్కల్ని రోజూ వాటంతటవే మోసుకొచ్చి మన డేటా నిల్వలో పడేసే ఈ కనెక్టర్లు నేనూ పెట్టాను, పెడుతూనే ఉన్నాను. అదేం బ్రహ్మవిద్య కాదు. గూగుల్ వాళ్ల డేటా వేర్‌హౌస్ బిగ్‌క్వెరీలో ఒక ప్రాజెక్టు తెరవాలి. డేటాసెట్ పెట్టి అది ఎక్కడ ఉండాలో చెప్పాలి. మనవాళ్లు ముంబై అంటారు, ఒకసారి చెప్పాక మార్చడం కుదరదు. తర్వాత డేటా ట్రాన్స్‌ఫర్‌లోకి వెళ్లి గూగుల్ యాడ్స్ ఎంచుకుని, 10 అంకెల కస్టమర్ ఐడీ కొట్టి, రోజూ ఏ వేళకి తేవాలో చెప్పి అనుమతి ఇస్తే సరి. కన్వర్షన్ల లెక్క, అంటే యాడ్ వల్ల కొన్నవాళ్ల లెక్క, ఆలస్యంగా తేలుతుంది కాబట్టి వెనకటి 7 రోజులవి మళ్లీ మళ్లీ తెస్తుంది, కావాలంటే 30 దాకా పెంచుకోవచ్చు. పాత నెలలవి కావాలంటే బ్యాక్‌ఫిల్ విడిగా అడగాలి. ఫేస్‌బుక్‌తో ఇంకాస్త పేచీ. దాని అనుమతి టోకెన్ దీర్ఘకాలానిదని పేరే గానీ ఆయుష్షు 60 రోజులు. ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని మళ్లీ లాగిన్ కావాలి. మర్చిపోతే ఒకానొక మంగళవారం నుంచి అంకెలు రావడం ఆగిపోతుంది, డ్యాష్‌బోర్డు మాత్రం పాత గీతలతో కళకళలాడుతూనే ఉంటుంది. నెలకింత అని తీసుకునే ఏజెన్సీవాడికి ఈ సంగతి షాపు ఓనరే ఫోన్ చేసి చెప్పాలి.

ఇక ఈ లెక్కలు వచ్చి పడే పట్టికలో మొదటిసారి ఖర్చు చూసుకున్నవాడి మొహం చూడాలి. గూగుల్ యాడ్స్ నుంచి వచ్చే ఖర్చు రూపాయల్లో ఉండదు, మైక్రోల్లో ఉంటుంది. రూపాయిని 10 లక్షల ముక్కలు చేసి లెక్కిస్తుంది. రోజుకి 250 రూపాయలు పెట్టిన చీరల షాపు వరసలో 25 కోట్లు కనపడుతుంది. పదిలక్షలతో భాగించుకోవాలని తెలిసినవాడికి ఇబ్బంది లేదు. తెలియనివాడికి గుండె జారుతుంది. ఇది పెద్ద ఫిర్యాదు కాదు, వదిలేద్దాం.

నా గొడవ వేరు. మిర్చి రైతుకి కాటా సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. అవతలివాడే కాటా తెచ్చి, వాడే తూచి, వాడే చీటీ రాస్తే, ఆ చీటీని ఇనప్పెట్టెలో దాచుకున్నంత మాత్రాన తూకం సరైనది అయిపోదు. ఈ కనెక్టర్లు మోసుకొచ్చేది అలాంటి చీటీనే. ప్రకటన అమ్మింది గూగుల్. ఆ ప్రకటన వల్ల ఎంత అమ్మకం జరిగిందో చెప్పేదీ గూగులే. ఫేస్‌బుక్‌దీ అదే తంతు. ఆ చెప్పినదాన్ని రోజూ తెల్లవారుజామున మన సొంత వేర్‌హౌస్‌లోకి దింపుకుని, “మా డేటా” అని మురిసిపోతున్నాం. మనదేముంది అందులో? నిల్వ మనది, బిల్లు మనది. మాట వాడిది.

వాడి మాట ఎలా ఉంటుందో చూడండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ రెండూ నడిపే మెటా యాడ్స్‌లో మామూలుగా ఉండే పద్ధతి ప్రకారం, ప్రకటన నొక్కిన 7 రోజుల్లో కొన్నా, నొక్కకుండా ఊరికే కంటబడిన ఒక్క రోజులో కొన్నా, ఆ అమ్మకం ఆ ప్రకటన ఖాతాలో పడుతుంది. పెళ్లి బట్టలకని గురజాల నుంచి బయల్దేరబోయే కుటుంబంలో అమ్మాయి ముందురోజు రాత్రి ఇన్‌స్టాగ్రామ్‌లో మీ షాపు పట్టుచీర బొమ్మని వేలితో పైకి తోసేసింది. బస్సెక్కే ముందు వాళ్ల బాబాయి గూగుల్‌లో మీ షాపు పేరు కొట్టి, పైన కనపడిన యాడ్ నొక్కి, చీర బుక్ చేయడానికి అడ్వాన్సు కట్టాడు. ఒకటే చీర. ఫేస్‌బుక్ నాదంటుంది, గూగుల్ నాదంటుంది. రెండు కనెక్టర్ల లెక్కనీ ఒకే పట్టికలో కూడితే రెండు చీరలు. ఆ కుటుంబం మీ దగ్గరికి వచ్చింది పదేళ్ల కిందట పెద్దమ్మాయి పెళ్లికి కూడా మీ దగ్గరే కొన్నారు కాబట్టి. ఆ ముక్క ఏ కనెక్టరూ తేదు.

షాపు పేరు కొట్టి వెతికేవాడికి ఆ షాపు యాడ్ చూపించి డబ్బు గుంజడం మీద నాకు ప్రత్యేకమైన కోపం ఉంది. ఈబే వాళ్లు తమ పేరు మీద వచ్చే వెతుకులాటకి యాడ్స్ ఆపేసి చూశారు. పోయిన క్లిక్కులు దాదాపు మొత్తంగా, నూటికి 99.5 వంతున, కింద ఉచితంగా కనపడే లింకు మీదుగా తిరిగొచ్చేశాయి. ఆ పరిశోధన 2015లో ఎకనామెట్రికా పత్రికలో అచ్చయింది. ఈబే అంత కంపెనీకే అలా ఉంటే, నరసరావుపేటలో అందరికీ తెలిసిన షాపు తన పేరు తానే కొనుక్కోవడం ఏమిటి? డ్యాష్‌బోర్డులో అన్నిటికంటే “బాగా పనిచేస్తున్న” క్యాంపెయిన్ ఎప్పుడూ అదే. దాన్నే చూపించి బడ్జెట్ పెంచమంటారు. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ 2017లో ఒక్క త్రైమాసికంలో 10 కోట్ల డాలర్ల పైచిలుకు డిజిటల్ యాడ్స్ తగ్గించుకుని, అమ్మకాల మీద పెద్ద ప్రభావమేమీ కనపడలేదని చెప్పింది. ఫేస్‌బుక్ తన వీడియోలు జనం సగటున ఎంతసేపు చూస్తున్నారో రెండేళ్లపాటు 60 నుంచి 80 శాతం దాకా ఎక్కువ చేసి చూపించానని 2016లో ఒప్పుకుంది, దాని మీద పడిన కేసుని 2019లో 4 కోట్ల డాలర్లకి రాజీ చేసుకుంది. ఆ రెండేళ్లూ కనెక్టర్లు పెట్టుకున్నవాళ్లకి ఆ తప్పు లెక్కే ఠంచనుగా అందింది.

సరే, ఇంకో వింత. గూగుల్ యాడ్స్‌లో ఊరి పేరు నరసరావుపేట అని పెడితే ఊళ్లో ఉన్నవాళ్లకే కాదు, ఆ ఊరి మీద ఆసక్తి చూపినవాళ్లకీ యాడ్ చూపించడం ముందుగా పెట్టి ఉంచిన సెట్టింగు. డాలస్‌లో కూర్చుని నాన్నకి మోకాళ్ల డాక్టర్ కోసం వెతికే కొడుకుకీ కనపడుతుంది. కొడుకు నొక్కితే ఫర్వాలేదు, నాన్నకి ఫోన్ చేసి చెప్తాడు. బిర్యానీ హోటల్ యాడ్‌కి కూడా అదే సెట్టింగు ఉంచేస్తే? తినడానికి రాలేనివాడి క్లిక్కూ లెక్కలో పడుతుంది.

ఇంతకంటే అసలు మాట ఒకటి ఉంది. మా పల్నాడులో షాపుకి జనం రావడం, రాకపోవడం గుంటూరు మిర్చి యార్డు ధర మీద ఆధారపడి ఉంటుంది. అంతకుముందు సీజన్లలో క్వింటాల్‌కి 20 వేలు దాటిన ధర చూసిన రైతు, 2025 మొదట్లో ఎంత దిగాలుపడ్డాడో ఇక్కడ అందరికీ తెలుసు. ఆ ఫిబ్రవరిలో కేంద్రం జోక్యం చేసుకుని 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. ఆ సీజన్లో మాచర్ల, దాచేపల్లి వైపు నుంచి వచ్చే కొనుగోళ్లు పడిపోయాయి. డ్యాష్‌బోర్డు చూసిన ఏజెన్సీవాడు ఏమన్నాడో తెలుసా? యాడ్ వీడియో పాతబడిందట, అందులో మోడల్‌ని మార్చాలట. మార్చారు. మిర్చి ధర మారలేదు, అమ్మకమూ మారలేదు. యార్డు ధరని ఏ వేర్‌హౌస్‌లోకి తెచ్చావు బాబూ అని అడిగితే అది “స్కోప్‌లో లేదు” అన్నాడు.

విశాఖ మాట కూడా ఆ సమావేశంలో వచ్చింది. 2025 అక్టోబర్ 14న గూగుల్ అక్కడ ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ హబ్ పెడతానంది కదా, ఇక డేటా మన గడప దగ్గరికే వచ్చినట్టే అని కుర్రాడు చప్పట్లు కొట్టించాడు. సర్వర్లు విశాఖలో ఉంటే మన చీరకి వచ్చిన గిరాకీ ఎవరి వల్లో తెలిసిపోతుందా? ఆ మాటకి ఈ మాటకి పొంతనేమిటో చప్పట్లు కొట్టినవాళ్లే చెప్పాలి. యాడ్స్‌లో వచ్చే లీడ్ ఫారాల్లో రైతులు నింపిన ఫోన్ నంబర్లని కూడా అదే పట్టికలో పోయమని ఒక ఉచిత సలహా ఇచ్చాడు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చిందన్న ఊసే లేదు.

ఉచితమే కదా, పెట్టుకుంటే పోయేదేముంది అంటారు కొందరు. నెలకి 10 జీబీ నిల్వ, ఒక టెరాబైట్ క్వెరీలు బిగ్‌క్వెరీలో ఉచితమన్నది నిజమే. పోయేది నమ్మకం. రోజూ పొద్దున్నే ఒక గీత పైకి వెళ్తూ కనపడితే, కౌంటర్ ఖాళీగా ఉన్న సంగతి ఓనర్‌కి కనపడకుండా పోతుంది.

మరి ఏం చేయమంటావు అంటే, ముందు ట్యాలీలో ఉన్న బిల్లుల దగ్గర మొదలుపెట్టండి. ఆ హైదరాబాద్ కుర్రాడు ఈ బిల్లుల్ని వేర్‌హౌస్‌కి తెచ్చే మాటే ఎత్తలేదు. బిల్లు మీద కొనేవాళ్ల ఊరి పేరు రాయించండి. తర్వాత మాచర్ల, గురజాల వైపు రెండు వారాలు యాడ్స్ ఆపి, సత్తెనపల్లి, వినుకొండ వైపు ఉంచండి. బిల్లుల్లో తేడా వస్తే యాడ్ పనిచేస్తున్నట్టు, రాకపోతే లేనట్టు. పండగలు, ముహూర్తాలు, మిర్చి డబ్బు చేతికొచ్చే రోజులు చూసుకుని చేయాలి, అదంత తేలిక కాదు. రెండు వారాలు ఆపితే పక్కషాపువాడు గిరాకీ ఎగరేసుకుపోతాడని ఓనర్లు భయపడతారు, సగం ఊళ్లలోనే కదా ఆపేది అని వాళ్లకి నచ్చజెప్పాలి. పెళ్లిళ్ల రద్దీలో కౌంటర్ దగ్గర కుర్రాళ్లు ఊరి పేరు అడగరు, అడిగినా అందరికీ నరసరావుపేట అనే కొట్టేస్తారు. దానికేదో ఉపాయం చూడాలి, ఊరి పేర్ల బటన్లు నాలుగు బిల్లింగ్ స్క్రీన్ మీదే పెట్టిస్తే సరిపోతుందేమో.