తవ్వినవారే పూడ్చాలి

1966 అక్టోబరు 21 ఉదయం వేల్స్‌లోని అబర్‌ఫాన్‌లో గనిమట్టి కుప్ప జారి ఊరి బడి మీద పడింది. 144 మంది చనిపోయారు. వారిలో 116 మంది పిల్లలే. నీటి ఊట మీదే ఆ కుప్ప పోశారని విచారణలో తేలింది. అంతకన్నా సిగ్గుమాలిన పని ఆ తర్వాత జరిగింది. మిగిలిన కుప్పలను కూడా తీసేయండి మహాప్రభో అని ఊరివాళ్లు మొత్తుకుంటే, ఆ ఖర్చులో లక్షా 50 వేల పౌండ్లను బాధితుల కోసం లోకమంతా పంపిన విరాళాల్లోంచే తీసుకున్నారు. ఆ సొమ్ము తిరిగి ఇవ్వడానికి 1997 దాకా పట్టింది. అదీ వడ్డీ లేకుండా.

బొగ్గు లాభం ఒకరికి, బొగ్గు తీశాక మిగిలే గుంత మరొకరికి అన్న పద్ధతి అక్కడ మొదలు కాలేదు, అక్కడ ఆగలేదు కూడా. 2024-25లో మన దేశం 100 కోట్ల టన్నుల బొగ్గు తీసి పండుగ చేసుకుంది. ఎన్ని హెక్టార్లు పూడ్చి ఊళ్లకు అప్పగించామన్న లెక్క ఆ పండుగలో ఎవరూ చదవలేదు.

జర్మనీలోని రూర్ ప్రాంతాన్ని చూడండి. అక్కడి చివరి రాతిబొగ్గు గని 2018 డిసెంబరులో మూతపడింది. ఖర్చు మాత్రం మూతపడలేదు. తరాల తరబడి తవ్వడం వల్ల నేల కొన్నిచోట్ల 20 మీటర్లకు పైగా కుంగింది. ఇప్పుడు నీళ్లు తోడే మోటార్లు ఆపితే ఊళ్లు మునుగుతాయి. కాబట్టి తోడుతూనే ఉండాలి, ఎప్పటికీ. అయితే అక్కడివాళ్లు ఒక తెలివైన పని చేశారు. గనులు నడుస్తుండగానే, 2007లో, ఈ ఖర్చు కోసమే ఒక ఫౌండేషన్ పెట్టి, గని సంస్థ చేతిలోని రసాయన కంపెనీ వాటాలను దానికి అప్పగించారు. మోటార్ల కరెంటు బిల్లు ఈనాడు ఆ ఫౌండేషన్ ఆదాయంలోంచే వెళుతోంది.

మన గోదావరి లోయలో 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు జాడ దొరికింది. ఒకప్పుడు బాయిలోకి దిగి బొగ్గు తీసేవారు, పైన ఊరు ఊరుగానే ఉండేది. ఇప్పుడు సింగరేణి బొగ్గులో అత్యధిక భాగం ఓపెన్‌కాస్టులదే. రామగుండం నుంచి మణుగూరు దాకా పోయి చూస్తే తెలుస్తుంది: ఒకవైపు గుట్టల్లాంటి మట్టికుప్పలు, మరోవైపు అడుగు కనిపించని గుంతలు. బ్లాస్టింగులకు గోడలు బీటలువారుతాయి, బావులు ఎండుతాయి. కుప్పల మీద మొక్కలు పెంచారు, కాదనం. కానీ గుంత అలాగే ఉంటుంది. వాన నీళ్లు నిండాక కాగితాల మీద దాని పేరు జలాశయం! బొగ్గు అయిపోయాక భూమిని పాత రైతుకు తిరిగివ్వాలని 1957 నాటి బొగ్గు భూముల చట్టం ఎక్కడా అనదు.

బొగ్గు వద్దని మేం అనడం లేదు. దేశంలో కరెంటుకు ఇప్పటికీ పెద్ద దిక్కు అదే. వేలాది కార్మిక కుటుంబాలకు అన్నం పెట్టేదీ అదే. కానీ గని మూసివేత ఖర్చును ముందే పక్కన పెట్టాలని మన నిబంధనలే చెబుతున్నాయి. 2009 మార్గదర్శకాలు ఓపెన్‌కాస్టుకు హెక్టారుకు 6 లక్షల రూపాయలు, భూగర్భ గనికి లక్ష చొప్పున బ్యాంకు ఖాతాలో జమచేయమన్నాయి. ఆ రేట్లు తర్వాత పెరిగాయి. చిక్కు అక్కడ లేదు. పనులు చేశామని కంపెనీ చెబితే, అధికారులు ఒప్పుకుంటే, ఆ జమలో చాలావరకు తిరిగి కంపెనీకే వస్తుంది. గుంత పక్కన బతికేవాణ్ని మాత్రం ఎవరూ అడగరు. పెళ్లికొడుకు లేని పెళ్లిచూపులంటే ఇదే.

అందుకే ప్రభుత్వాలు మూడు పనులు చేసి తీరాలి. ఏ గని పేరిట ఎంత జమైంది, ఎంత వెనక్కి తీసుకున్నారు, దేనికి ఖర్చుపెట్టారన్నది ప్రతి ఏటా ఆ ఊరి పంచాయతీ గోడ మీద తెలుగులో రాయాలి. గ్రామసభ చూసి సరేనన్నాకే పైసా విడుదల చేయాలి. పాత గుంత పని తేలేదాకా అదే సంస్థకు కొత్త ఓపెన్‌కాస్టు అనుమతి ఇవ్వకూడదు. అది ప్రభుత్వ సంస్థ అయినా, వేలంలో బ్లాకు దక్కించుకున్న ప్రైవేటు కంపెనీ అయినా. వేలాలు జోరందుకున్న ఈ రోజుల్లో ప్రైవేటు విషయంలో ఇది మరీ ముఖ్యం. బొగ్గు అయిపోయిన మర్నాడు బోర్డు తిప్పేసే కంపెనీని ఏ గ్రామసభ ఎక్కడని వెతుక్కోవాలి?