తిన్నడి మనోభావాలు ఎవరికి పట్టాయి?

శ్రీకాళహస్తిలో మహాశివరాత్రి బ్రహ్మోత్సవాలు శివుడి జెండాతో మొదలు కావు. ముందు కన్నప్ప కొండ మీద జెండా ఎగరాలి. భక్తుడి ధ్వజారోహణం అయ్యాకే దేవుడి ధ్వజారోహణం. వేటాడి బతికినవాడికి, మాంసం తిని ఆ మాంసమే దేవుడికి పెట్టినవాడికి ఒక పెద్ద గుళ్లో మొదటి మర్యాద దక్కడం చిన్న సంగతి కాదు. ఊరివాళ్లు దాన్ని గర్వంగానే చెప్పుకుంటారు. చెప్పుకోవాల్సిందే.

2025 జూన్ 27న మంచు విష్ణు 'కన్నప్ప' విడుదలైంది. దానికి ముందు కొన్ని నెలలపాటు ఆ సినిమా చుట్టూ నడిచిన గొడవ గుర్తుందా? అది కన్నప్ప గురించి కాదు. పిలక, గిలక అనే పేర్లున్న రెండు హాస్యపాత్రల గురించి. బ్రహ్మానందం, సప్తగిరి వేసిన ఆ పాత్రల పేర్లు తమను కించపరుస్తున్నాయని బ్రాహ్మణ సంఘాలు అభ్యంతరం చెప్పాయి, వ్యవహారం హైకోర్టుదాకా వెళ్లింది. ఇదే కుటుంబం తీసిన 'దేనికైనా రెడీ' మీద 2012లో వచ్చిన గొడవ కూడా అలాంటిదే. కథ పేరు కన్నప్ప, కథానాయకుడు కన్నప్ప, కళ్లు పీకి ఇచ్చింది కన్నప్ప. మనోభావాలు దెబ్బతిన్నది మాత్రం పక్కపాత్రల తరఫువాళ్లకి. తిన్నడు ఏ జనం మనిషి, ఆ జనం ఇప్పుడెలా ఉన్నారు, తమవాడిని తెర మీద చూసుకుని ఏమనుకున్నారు అని అడిగిన చర్చ మాకు కనబడలేదు.

బ్రాహ్మణ సంఘాలకు కోర్టుకు వెళ్లే హక్కు లేదని మేం అనడం లేదు. ఒక పాత్రను చూసి ఇది మమ్మల్ని అవమానిస్తోందని చెప్పడం ఏ ప్రేక్షకుడికైనా ఉన్న హక్కే. దళితులు ఆ హక్కును ఎన్నోసార్లు వాడుకున్నారు, ఇంకా వాడుకోవాలి. మా ప్రశ్న వేరు. ఒకే సినిమా చూసినవాళ్లలో ఎవరి బాధ వార్త అవుతుంది, ఎవరి బాధ కనీసం బాధగా కూడా లెక్కకు రాదు?

ముందు కథ దగ్గరికి వెళ్దాం. 12వ శతాబ్దంలో సేక్కిళార్ తమిళంలో రాసిన పెరియ పురాణంలో ఇది ఉంది. పాల్కురికి సోమనాథుడి బసవ పురాణంలో ఉడుమూరి కన్నప్పగా ఉంది. 16వ శతాబ్దంలో ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో విస్తారంగా చెప్పాడు. తమిళంలో అతను వేటువర్, కన్నడంలో బేడ, తెలుగులో ఒకచోట ఎరుక, ఇంకోచోట బోయ, మరోచోట చెంచు. అతను ఎవరివాడన్న తగువు ఇప్పటికీ ఉంది. ఆ తగువు వెనక రాజకీయాలూ ఉన్నాయి. బోయ, వాల్మీకుల్ని ఎస్టీల్లో చేర్చాలని 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసింది, గిరిజన సంఘాలు దాన్ని వ్యతిరేకించాయి. అందులోకి ఇక్కడ వెళ్లం. ఏ పేరుతో పిలిచినా అతను అగ్రహారం బయటివాడే.

అతను చేసిన పూజ ఎలాంటిది? నోట్లో నీళ్లు పట్టుకొచ్చి లింగం మీద ఉమ్మాడు. తలలో తురుముకున్న పూలు తెచ్చి పెట్టాడు. మాంసం కొరికి, రుచి చూసి, బాగున్న ముక్క నైవేద్యం చేశాడు. ఒక కన్ను పీకి పెట్టాక రెండోది పీకేటప్పుడు చోటు తెలియడానికి లింగం మీద కాలి చెప్పు ఆనించాడు. ఆగమం ఏది మైలంటుందో అదంతా వరసగా ఉంది.

మనం తక్కువగా పట్టించుకునే మనిషి ఒకడు ఈ కథలో ఉన్నాడు. పూజారి. పెరియ పురాణంలో ఆయన పేరు శివగోచారియార్. పొద్దున్నే వచ్చి ఎముకలూ మాంసమూ చూసి గుండె బాదుకుంటాడు. ఊడ్చి, కడిగి, శుద్ధి చేసి మళ్లీ తన పూజ చేస్తాడు. రోజూ ఇదే తంతు. చివరికి దేవుడు కలలోకి వచ్చి, రేపు చాటున దాక్కుని చూడమంటాడు. ఆయన దాక్కుని చూస్తాడు. తిన్నడు కళ్లు పీకడం చూస్తాడు.

ఈ కథకు మొదటి ప్రేక్షకుడు ఆ పూజారే. థియేటర్ చీకట్లో మనం కూర్చున్నట్టే ఆయనా చాటున నిలబడి చూశాడు. మనసు కరిగింది. నిన్నటిదాకా మైల మనిషి అనుకున్నవాణ్ని మహాభక్తుడని ఒప్పుకున్నాడు. మరి తర్వాత? తిన్నడు దేవుడి కుడిపక్కకు చేరిపోయాడు. అతని తమ్ముళ్లు, బావమరుదులు, వాళ్ల పిల్లలు ఆ గుళ్లోకి నడిచి వచ్చారని ఏ పురాణమూ చెప్పదు. పూజ మళ్లీ పూజారి చేతికే వచ్చింది. శుద్ధి నియమాలు అలాగే ఉన్నాయి. చూసినవాడు ఏడ్చాడు, మెచ్చుకున్నాడు, తన పనిలోకి తను వెళ్లాడు.

సాధుసంతుల విషయంలో అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో ఈ మాటే పట్టుకున్నారు. కులాన్ని దాటిన భక్తుణ్ని జనం గౌరవించారు గానీ అతన్ని చూసి తామూ కులాన్ని దాటాలని అనుకోలేదని, సంతుడికి చెల్లింది మామూలు మనిషికి చెల్లదన్న పాఠమే నేర్చుకున్నారని ఆయన వాదన. అదే అంబేడ్కర్ 1948లో అంటరానివారి పుట్టుక గురించి రాసిన పుస్తకాన్ని నందనార్, రవిదాస్, చోఖామేళాలకు అంకితం ఇచ్చారు. అంటే ఆయన ఆ మనుషుల్ని కాదనలేదు. వాళ్ల కథల్ని మనచేత చదివించిన తీరును కాదన్నారు. చిదంబరం గుడిలోకి అడుగుపెట్టడానికి నందనార్ నిప్పులో దూకి బయటకు రావాలి. కాళహస్తిలో తిన్నడు కళ్లు పీక్కోవాలి. మిగతావాళ్లు స్నానం చేసి వస్తే చాలు. ఈ తేడా మీద కోపం రాకుండా కన్నీళ్లు మాత్రమే వచ్చేటట్టు కథ చెప్పడం వందల ఏళ్ల పనితనం.

తిన్నడి పూజను తరతరాలుగా మెచ్చుకున్న ఈ నేల మీద దళితులకు గుడి తలుపులు తెరిచింది ఆ కథ కాదు. చిత్తూరు జిల్లా అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1947 మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం వచ్చాకే గుళ్లలో నడిచే హక్కు కాగితం మీదికి వచ్చింది.

ఇక సినిమాలు. 1954లో 'బేడర కన్నప్ప'తో కన్నడంలో రాజ్‌కుమార్ కథానాయకుడయ్యాడు, ఆ ఏడే తెలుగులో 'కాళహస్తి మహాత్మ్యం'లోనూ ఆయనే తిన్నడు. 1976లో బాపు దర్శకత్వంలో కృష్ణంరాజు. 2025లో మంచు విష్ణు. రాజ్‌కుమార్ గీత వృత్తి కులం నుంచి వచ్చినవాడు. తర్వాతి ఇద్దరూ తెలుగునాట ఆధిపత్య కులాలవాళ్లు. వేటాడే కులాల నుంచో, ఎరుకల వాడ నుంచో వచ్చిన నటుడు పెద్ద సినిమాలో తిన్నడిగా కనిపించడం ఇంకా జరగలేదు. నటన ఎవరైనా చేయొచ్చు, నిజమే. కానీ డెబ్బై ఏళ్లలో ఒక్కసారీ ఆ వైపు చూపు పోలేదంటే నటన సంగతి కాదది.

బాపు సినిమా బాగా తీసిన సినిమా. జనం గుండెల్లో ఉంది. అందులో తిన్నడు పూర్వజన్మలో అర్జునుడు. ఈ ముడి చాలామందికి భక్తిలో భాగంగా కనిపిస్తుంది. మాకు మాత్రం ఇది తిన్నడి దగ్గరున్న ఒకే ఒక్క ఆస్తిని లాక్కున్నట్టు ఉంటుంది. అడవి మనిషి తనంతట తానే ఆ భక్తికి చేరాడంటే ఒప్పుకోలేక, లోపల ఒక క్షత్రియుణ్ని కూర్చోబెట్టారు. ఏకలవ్యుడి వేలు నరికిన చోట అర్జునుడి పేరుంది. తిన్నడి కళ్లు పోయిన చోటా మళ్లీ అర్జునుడి పేరే.

2025 సినిమా ఇంకో దారి పట్టింది. తిన్నణ్ని దేవుణ్ని నమ్మనివాడిగా మొదలుపెట్టి భక్తుడిగా ముగించింది. గూడెంలో పుట్టినవాడు రాయిని రాయి అన్నాడు, చివరికి ఆ రాయికే కళ్లిచ్చాడు. నాస్తికుడు దారికొచ్చిన కథగా దీన్ని మెచ్చుకున్నవాళ్లున్నారు. ప్రభాస్ ఎప్పుడొస్తాడా అని ఎదురుచూసి, వచ్చాక ఈలలేసి ఇంటికెళ్లినవాళ్లు ఇంకా ఎక్కువ. ప్రేక్షకుడు దర్శకుడు చెప్పిందే తీసుకోడు, తనకు కావలసింది తీసుకుంటాడు. దీన్ని మేం తప్పుపట్టం.

ఆ మాటకొస్తే ఈ జిల్లా అడవుల మీదే తీసిన 'పుష్ప'ను చూడండి. 2021 డిసెంబరులో వచ్చింది. శేషాచలంలో చెట్లు నరికే కూలీ ఒకడు, ఇంటిపేరు లేదని అందరూ వెక్కిరించేవాడు, ఎవరికీ తలవంచకుండా పైకి పోతాడు. ఇంటిపేరు అడిగితే ఒళ్లు బిగుసుకునే అనుభవం మన వాడల్లో ప్రతి ఇంటికీ ఉంది. బడిలో, అద్దె ఇంటి దగ్గర, పెళ్లిచూపుల్లో ఆ ప్రశ్న ఎందుకు అడుగుతారో మనకు తెలుసు. అందుకే మన పిల్లలు ఆ పాత్రను సొంతం చేసుకున్నారు. కథానాయకుడు స్మగ్లరు, ఆడవాళ్లతో అతని తీరు ఒప్పుకోదగ్గది కాదు. అయినా ఆ భుజం విరుపులో వాళ్లు తమ మాట ఒకటి విన్నారు.

కానీ అదే శేషాచలంలో 2015 ఏప్రిల్ 7న 20 మంది కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. తమిళనాడు పల్లెల నుంచి, కొండల నుంచి కూలికి వచ్చినవాళ్లు, వాళ్లలో గిరిజనులూ ఉన్నారు. తెర మీద కూలీ గెలిస్తే ఈలలేసిన రాష్ట్రంలో ఆ 20 మంది పేర్లు ఎంతమందికి గుర్తున్నాయి?

తిన్నడి జనానికి తెర మీద దక్కిన ఇంకో వేషం దొంగ. 1871 నేరస్థ తెగల చట్టం కొన్ని జాతులకు పుట్టుకతోనే దొంగ ముద్ర వేసింది. 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చాక ఎరుకల్ని స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. ఆ చట్టం 1952లో పోయింది. ముద్ర పోలేదు. 2023లో రవితేజ 'టైగర్ నాగేశ్వరరావు' వస్తున్నప్పుడు, ప్రచార చిత్రం తమ జాతినీ ఊరినీ అవమానిస్తోందంటూ వచ్చిన పిటిషన్ కూడా హైకోర్టుకు చేరింది. అప్పుడు మనోభావాల గురించి ఊగిపోయిన చర్చలు ఎన్ని జరిగాయి? పిలక అనే పేరుకు పుట్టిన కదలికలో సగమైనా, ఒక ఊరి పేరునే దొంగతనానికి మారుపేరు చేసినందుకు పుట్టిందా? పిలక పేరు విన్న ప్రేక్షకుడు నవ్వి ఊరుకుంటాడు. ఎవరికీ ఇల్లు అద్దెకు దొరక్కుండా పోదు. స్టూవర్టుపురం పేరు విన్న పోలీసు ఊరుకోడు. ఒకే కొలబద్దతో రెండు అవమానాల్నీ కొలవలేం.

2021 నవంబరులో 'జై భీమ్' వచ్చినప్పుడు తెలుగువాళ్లూ ఏడ్చారు. 1993లో కడలూరు ప్రాంతంలో పోలీసుల చేతిలో చనిపోయిన రాజాకన్ను కురవ జాతివాడు. ఎరుకలకు దగ్గరి చుట్టాలు వాళ్లు. సినిమా అతణ్ని ఇరుళరుగా చూపింది. తమవాడి చావును తమ పేరుతో చూపలేదని కురవలు అడిగారు. ఆ మాటకన్నా గట్టిగా వినిపించింది గోడ మీది క్యాలెండర్‌లో వన్నియర్ల అగ్నికుండం గుర్తు ఉందన్న అభ్యంతరం. నిర్మాతలు ఆ బొమ్మ మార్చారు. చచ్చినవాడి జాతి మారినా సర్దుబాటు లేదు, క్యాలెండర్ బొమ్మకు మాత్రం వెంటనే ఉంది.

'జై భీమ్' చూసి ఏడ్చినవాళ్లకు తిరుపతి జిల్లాలోని ఒక సంగతి గుర్తుచేయాలి. 2025 మే నెల, అంటే 'కన్నప్ప' విడుదలకు సరిగ్గా నెల ముందు. సత్యవేడు ప్రాంతంలో బాతులు మేపే ఒకతని దగ్గర ఒక యానాది కుటుంబం వెట్టిలో ఇరుక్కుంది. అప్పు 25 వేలు. పిల్లవాణ్ని పూచీగా ఉంచుకుని మిగతావాళ్లను పంపాడు. డబ్బు తెస్తామన్న తల్లికి, పిల్లవాడు పారిపోయాడని చెప్పారు. చివరికి కాంచీపురం దగ్గర పాతిపెట్టిన శవాన్ని పోలీసులు తవ్వి తీశారు. అరెస్టులు జరిగాయి. తెర మీద ఇరుళరు బిడ్డ కోసం కారిన కన్నీళ్లలో కొంతయినా ఆ పిల్లవాడి కోసం ఈ జిల్లా రోడ్ల మీదికి వచ్చిందా? యానాది సంఘాలు, వెట్టి మీద పనిచేసేవాళ్లు మాట్లాడారు. థియేటర్ ముందు కటౌట్‌కు పాలు పోసినవాళ్లకు అది వార్తే కాలేదు.

పాత్ర మీద ప్రేమ నిజమైతే దాన్ని చూపడానికి శ్రీకాళహస్తిలోనే ఒక చోటుంది. గర్భగుడి. అక్కడి వాయులింగాన్ని అర్చకులు కూడా చేత్తో తాకరన్నది ఆనవాయితీ. తిన్నడి కాలు తగిలిందని కథ చెప్పే లింగమే అది. ఆంధ్రప్రదేశ్ 1987లో దేవాదాయ చట్టంతో వారసత్వ అర్చకత్వాన్ని రద్దు చేసింది. 1996లో సుప్రీంకోర్టు అది చెల్లుతుందని చెప్పింది. 2007లో చట్టాన్ని సవరించి వారసత్వ కుటుంబాలకు మళ్లీ దారి ఇచ్చారు. పక్క రాష్ట్రాలు ముందుకెళ్లాయి. 2017లో ట్రావెంకూర్ దేవస్వం బోర్డు గుళ్లకు 36 మంది అబ్రాహ్మణులు అర్చకులుగా ఎంపికయ్యారు, వాళ్లలో ఆరుగురు దళితులు. 2021 ఆగస్టులో తమిళనాడు శిక్షణ పొందిన అన్ని కులాలవాళ్లనూ అర్చకులుగా నియమించింది. అక్కడా వివాదాలున్నాయి, కోర్టు కేసులున్నాయి. అయినా మొదలైంది.

గుళ్లే వద్దు, అర్చకత్వం మనకెందుకు అనే వాదన మనలో ఉంది. ఆ వాదనకు బలం ఉంది, దాన్ని తీసిపారేయం. కానీ వద్దనుకోవడం మన నిర్ణయం కావాలి, పుట్టుక చూపించి వాళ్లు రానివ్వకపోవడం కాకూడదు. తిరుపతి జిల్లాలో దేవాదాయ శాఖ కిందున్న గుళ్లలో ఎస్సీ, ఎస్టీ అర్చకులు ఎంతమంది, ఏ గుళ్లలో, ఏ జీతం మీద పనిచేస్తున్నారో ఆ శాఖ బయటపెట్టాలి. వచ్చే శివరాత్రికి కన్నప్ప కొండ మీద జెండా కట్టేలోపు ఆ కాగితం వస్తే, ఎరుకల, యానాది సంఘాలతో కూర్చుని ఇక్కడే దాని గురించి మాట్లాడతాం.