పిల్లికి ఫిట్స్ వస్తే ఎంతసేపు ఆగొచ్చు? మలక్‌పేట నుంచి ఎక్కడికి వెళ్లాలి?

మనిషికి ఫిట్స్ వస్తే 108కి ఫోన్ చేస్తాం. మలక్‌పేటలోని మీ ఫ్లాట్‌లో అర్ధరాత్రి పిల్లి పక్కకు పడిపోయి, కాళ్లు కొట్టుకుంటూ నురగ కక్కితే? పశువైద్యానికి 1962 నంబరు ఉంది. కానీ తెలంగాణలో 2017లో మొదలైన ఆ సంచార వాహనాలు ప్రధానంగా ఊళ్లలోని గేదెలు, గొర్రెల కోసం. అంటే అంబులెన్సు పని మీదే.

ముందు టైమ్ చూడండి. చాలాసార్లు ఫిట్స్ ఒకటి రెండు నిమిషాల్లో ఆగిపోతాయి. ఒక్కసారే వచ్చి పిల్లి తేరుకుంటే తెల్లారేదాకా ఆగొచ్చు, కానీ చూపించడం మాత్రం మానొద్దు. ఐదు నిమిషాలు దాటినా, 24 గంటల్లో మళ్లీ వచ్చినా, స్పృహ రాకుండానే ఇంకోటి మొదలైనా వెంటనే బయల్దేరండి. ఆలస్యమైతే ఒళ్లు కాలిపోయి మెదడు దెబ్బతింటుంది.

తాళాల గుత్తి పట్టించడం మనుషులకే పనిచేయదు, పిల్లికెలా పనిచేస్తుంది? నాలుక మింగేస్తుందన్నది కూడా అపోహే. నోట్లో వేలు పెడితే కరుస్తుంది, అంతే. మంచం అంచు నుంచి, మెట్ల నుంచి దూరంగా జరిపి, లైట్లు తగ్గించి, ఫోన్‌లో వీడియో తీయండి. ఆస్పత్రికి చేరేసరికి పిల్లి మామూలుగా కనిపించవచ్చు. అప్పుడు డాక్టరుకు ఆ వీడియోనే ఆధారం.

ఇంకో మాట. కుక్కలకు వాడే గోమార్ల మందు పిల్లి వీపు మీద వేశారా? అందులో పెర్మెత్రిన్ ఉంటే పిల్లికి అది విషం. కొద్దిగా పడినా వణుకు, ఫిట్స్ వస్తాయి. ఇది ఐదు నిమిషాల లెక్కకు ఆగే కేసు కాదు. డబ్బా కూడా వెంట తీసుకెళ్లండి. ఎలుకల మందు తిన్నదన్న అనుమానం ఉన్నా అంతే.

మలక్‌పేటకు దగ్గర్లో ఉన్నది నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల. చాదర్‌ఘాట్ వంతెన దాటి, కాచిగూడ మీదుగా వెళ్లొచ్చు. రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది, కాకపోతే దూరం. రాత్రిపూట తెరిచి ఉండే ప్రైవేటు క్లినిక్ ఏదో ఈరోజే కనుక్కుని నంబరు సేవ్ చేసుకోండి. పిల్లిని ఆటోలో ఒళ్లో పెట్టుకోకుండా బుట్టలోనో, గాలాడే అట్టపెట్టెలోనో తీసుకెళ్లండి.

టీకాలు వేయించని పిల్లికి ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి, అది కరిస్తే రేబిస్‌ను కొట్టిపారేయొద్దు. గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు కడిగి మీరూ టీకాకు వెళ్లండి. అది వేసే ఐపీఎం కూడా నారాయణగూడలోనే ఉంది.

ఫిట్స్ తరచుగా వస్తుంటే డాక్టర్లు సాధారణంగా ఫినోబార్బిటాల్ రాస్తారు. రోజూ ఇవ్వాల్సిన మందు అది. తగ్గింది కదా అని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ మునుపటికంటే గట్టిగా తిరగబెట్టవచ్చు.