మా ముచ్చటలు: ఎఱ ముట్టని రాజుచేప

ఊరగాయ జాడీలను శుభ్రపఱచు విధమును గూర్చి యీ నెల వ్రాయుదునని క్రిందటి సంచికలో మాట యిచ్చియుంటిని. ఆ మాట తప్పుచున్నందులకు మన్నింపుడు. రెండు మాసములు దేశాంతరమున నుండి వచ్చితిని. అక్కడ చూచిన యొక విషయము నా మనస్సును వదలకున్నది. అది చేపలను పట్టు విషయము. పంతులుగారి భార్యకు చేపల గోల యేల యని మీలో కొందఱు నవ్వుదురు. మా వారును నవ్విరి.

ఆస్ట్రేలియా దేశమున సిడ్నీ నగరమునందు నా తమ్ముడు పదునాలుగేండ్లుగా ఉద్యోగము చేయుచున్నాడు. వాడు వివాహమాడినది భీమునిపట్టణము చెంతనున్న యొక మత్స్యకారుల యింటి పిల్లను. ఇద్దఱును విశాఖపట్టణమున నొక్క కళాశాలలో చదువుకొన్నవారే. మా తండ్రిగారు పండితులు. అక్షరాభ్యాసము మొదలు ఆదిపర్వము వఱకు నాకు ఇంటనే చదువు చెప్పినవారు వారు. మత్స్యగంధి దాశరాజు కూతురై పెరిగి, పడవ నడిపి, శంతనుని చేపట్టి, కురువంశమునకు పెద్దదిక్కైన కథను ఎంతో గౌరవముతో చెప్పిన యా తండ్రిగారే కొడుకు పెండ్లికి పోలేదు. పండ్రెండేండ్లనుండి వాని యింటి ప్రసక్తి మా యింట రాదు. ఆ గడప మొదట త్రొక్కినదానను నేనే. మా వారు సాయంకాలపు పాఠముల వలన వచ్చిన సొమ్ము కూడబెట్టి టిక్కెట్టు కొనిరి. పిల్లలను మా అత్తగారు చూచుకొనిరి.

మరదలి తండ్రిగారు నాకంటె నెల ముందే అక్కడికి వచ్చియుండిరి. భార్య పోయిన పిమ్మట కూతురు పట్టుపట్టి పిలిపించుకొన్నది. చిన్ననాట తెప్పమీదను, తరువాత నావమీదను నలువదియేండ్లు సముద్రమున బ్రదికిన మనిషి. అట్టివారు ఎనిమిదవ అంతస్తున కిటికీ యొద్ద కుర్చీ వేసికొని, క్రింద పోవు బండ్లను లెక్కించుచు కూర్చుండెడివారు. మనుమడు పదునొకండేండ్లవాడు. తాతమాట వానికి సగమే తెలియును. వాని మాట తాతకు బొత్తిగా తెలియదు. తోడి పిల్లలెదురైనచో వాడు తాతకు పదియడుగులు వెనుకబడి నడచుట నేనే రెండు పర్యాయములు చూచితిని. "నాన్న వచ్చే నెలలో వెళ్ళిపోతానంటున్నాడు వదినా, అక్కడ ఒక్కడూ ఏం చేస్తాడు?" అని మరదలు వంటయింట నిలిచి కన్నులు తుడుచుకొనెను. నేనేమి చెప్పగలను?

ఇట్లుండగా రేవులోనికి రాజుచేపలు వచ్చినవని పొరుగువారు చెప్పిరి. ఆ దేశమున వేసవి డిసెంబరున మొదలగును. వెచ్చని నీరు దక్షిణమునకు ప్రవహించు ఆ నెలలలో నీ చేపలు గుంపులు గుంపులుగా సిడ్నీ రేవున ప్రవేశించును. వానిని అక్కడివారు కింగ్‌ఫిష్ అందురు. ఆ పేరు వినగానే పెద్దాయన కుర్చీనుండి లేచిరి. మన విశాఖ బజారులో కింగ్‌ఫిష్ అనగా వంజరము, కోనెము. కాని పేరొక్కటియే గాని చేప యొక్కటి కాదు. మన వంజరము కానాగంతల వంశమునకు చెందినది. దాని పండ్లు కత్తులవంటివి. సిడ్నీ రాజుచేప పారచేపల వంశములోనిది. వీపు నీలిపచ్చ, కడుపు వెండి, తోక పసుపు పూసినట్లుండును. పండ్లు ఆకురాయివలె సన్నముగా నుండును. మీటరుకు మించియు పెరుగును. ఒకప్పుడు వ్యాపారులు సముద్రమున బోనులు వేసి వీనిని విశేషముగా పట్టుచుండగా సంతతి క్షీణించెననియు, 1996లో ఆ బోనులను నిషేధించిన పిదప మరల వృద్ధియైనదనియు తమ్ముడు చెప్పెను.

మేము పోయినది రేవు ఉత్తరపు గట్టున క్లిఫ్టన్ గార్డెన్సు అను చోటికి. అచ్చట నీటిలోనికి చొచ్చియున్న కొయ్య జెట్టీ కలదు. తెల్లవాఱక మున్నే ముసలివారు, పిల్లలు, చీనా దేశపు దంపతులు, అందఱును గాలపుకోలలతో బారులు తీరియుందురు. పదునెనిమిదేండ్లు నిండినవారు గాలము వేయుటకు ప్రభుత్వమునకు రుసుము చెల్లింపవలెను. తమ్ముడు మామగారి పేర చెల్లించెను. అందుకు ఆయన పొందిన ఆశ్చర్యము వర్ణింపరానిది. సముద్రమునకు సుంకమా యని దారి పొడుగునను గొణిగికొనుచునే యుండిరి.

మొదటినాడు ఒక్కటియు పడలేదు. రెండవనాడును అంతే. చేపలు లేకకాదు! నీరు అద్దమువలె నుండుటచే నేనే కన్నులార చూచితిని. ఏడెనిమిది చేపలు ఎఱ వెంట జెట్టీ క్రిందివఱకు వచ్చును, పెండ్లిచూపులకు వచ్చినవారివలె ఎగాదిగా చూచును, ప్రక్కకు తిరిగి పోవును. "కోనెమయితే ఒకటే దెబ్బమ్మా. ఇది సూసి ఎల్లిపోతంది" అని పెద్దాయన తెల్లబోయిరి. రెండవనాటి సాయంకాలము ఇంటికి వచ్చి ఎవరితోను మాటాడక పరుండిరి. చేప పడనందుకు కాదు, మనుమడు "తాతకు రాదు" అని తల్లితో ఇంగ్లీషున చెప్పగా భావమును గ్రహించినందుకని నాకు తోచినది.

మఱునాడు నాకు పని లేక మేనల్లుని వెంటబెట్టుకొని గ్రంథశాలకు పోతిని. ఆ రేవు చరిత్రను వాడు ఇంగ్లీషున చదువుచు నాకు వచ్చీరాని తెలుగున చెప్పెను. సోదరీమణులారా, ఈ భాగము మీ కొఱకే ప్రత్యేకముగా వ్రాయుచున్నాను. 1788లో తెల్లవారు ఓడలు దిగునాటికి ఆ రేవున గాలమువేయు విద్య యంతయు స్త్రీలదే! ఈయోరా యని పిలువబడు ఆ తొలి జనులలో పురుషులు ఈటెలతో చేపలను పొడుచువారు. గాలము మాత్రము ఆడువారి సొత్తు. నత్తగుల్లను అరగదీసి నెలవంకవంటి కొక్కెము చేయుదురు. చెట్టుబెరడు నారతో తాడు పేనుదురు. బెరడుతో చేసిన చిన్న పడవలో మట్టి పఱచి దానిపై నిప్పు వేసికొని, ఒడిలో బిడ్డనుంచుకొని, పాట పాడుచు రేవు నడుమ కూర్చుందురు. చిన్ననాడే ఆడుబిడ్డల యెడమచేతి చిటికెనవ్రేలి కొనను తీసివేయు ఆచారము వారిలో నుండెను. అది గాలపుపనికి సంబంధించినదని ఆనాటి తెల్లవారు వ్రాసికొనిరి. బరంగారూ అను నామె వారిలో ప్రసిద్ధురాలు, బెన్నెలాంగు అను వాని భార్య, 1791లో మరణించినది. నేడు నగరపు గట్టుననే యొక భాగమునకు ఆమె పేరు పెట్టియున్నారు. ఆమె జీవించియున్న 1790లోనే తెల్లవారు వలలు లాగి యొక్కనాడే నాలుగువేల చేపలను ఒడ్డున వేసిరట. ఒక్కొక్క చేపను పాటతో పిలుచుకొనువారికి ఆ దృశ్యము ఎట్లుండెనో యూహించుకొనుడు.

వారి ఉపాయములలో నొకటి నన్ను మిక్కిలి ఆకర్షించినది. గుల్లలలోని మాంసమును నమలి నీటిపై ఉమ్మివేయుచుందురట. ఆ తునకల రుచికి చేపలు దగ్గఱ చేరి, అనుమానము వదలి, తినుటకు అలవాటుపడును. ఆ తునకల నడుమ గాలము దిగును. ఈ సంగతి తాతకు చెప్పుమని మేనల్లుని ముందుకు త్రోసితిని. వాడు నాలుగు మాటలు తెలుగున, మిగిలినది చేతులతోను నోటితోను అభినయించి చెప్పెను. పెద్దాయన విని పకపక నవ్విరి. నేను అక్కడికి పోయిన పిమ్మట వారు నవ్వుట అదే మొదలు.

నాలుగవనాడు ఆయన పద్ధతి యంతయు మార్చిరి. అంగడిలో కొన్న గడ్డకట్టిన ఎఱను పాఱవైచిరి. తెల్లవాఱుజామున సముద్రపు నాచు మీద రొయ్యబొమ్మవంటి కొక్కెము ఆడించి స్క్విడ్లను రెంటిని పట్టిరి. (అది ఎముకలేని మెత్తని జంతువు, పట్టగానే నల్లని సిరా చిమ్మును. నా చీర కుచ్చిళ్ళకు ఆ మఱక నేటికిని పోలేదు. ఎఱిగినవారు ఉపాయము వ్రాయుడు.) దానిని వంకాయ ముక్కలవలె గాక, తోక సన్నగిల్లినట్లు పొడుగు పట్టీలుగా కోసిరి. సీసపు గుండు తీసివేసిరి. గుండు గల ఎఱ రాయివలె దిగును, జీవముగల దేదియు అట్లు దిగదని వారి వాదము. లావైన తాడునకు మాఱుగా చివర ఫ్లోరోకార్బను అను నీట కానరాని దారము కట్టిరి. ఇందు నొక చిక్కు కలదు: దారము సన్నమైన కొలది చేప నమ్మును గాని, జెట్టీ స్తంభములకు అంటిన గుల్లల కోఱలకు దారము తెగును. ఏది మేలో ఆయనయు గంటసేపు తేల్చుకొనలేకపోయిరి. మిగిలిన తునకలను ఉల్లిపాయవలె సన్నముగా తఱిగి చిటికెడు చిటికెడుగా నీటిపై చల్లిరి. సముద్రము పోటెత్తి స్వచ్ఛమైన నీరు లోనికి వచ్చువేళ యది.

చేపలు వచ్చినవి, మరల చూచినవి. అప్పుడాయన మనుమని చేతిలోని కోలను తటాలున వెనుకకు గుంజిరి. ఎఱ పాఱిపోవుచున్నట్లు కనబడగానే గుంపులో పోటీ పుట్టినది. ఒకటి దూకి మ్రింగినది. కోల విల్లువలె వంగెను. చేప తిన్నగా స్తంభముల వైపునకే పరుగిడెను. "ఒగ్గెయ్! ఒగ్గెయ్!" అని తాత కేకవైచెను. వదలుమని దాని యర్థము, ఉత్తరాంధ్రపు మాట. పిల్లవానికి తెలియదు, ఇంకను బిగబట్టెను. దారము తెగెను.

వానికి ఏడుపు వచ్చినది. తాత కోపింపలేదు. వాని ప్రక్కన చతికిలబడి, ఒక త్రాటి కొనను వానిచేత పట్టించి, రెండవ కొనను తాను లాగుచు, "లాగితే ఇది ఎదురు లాగుద్ది. ఒగ్గితే, ఎవుడూ లాగట్లేదనుకుని తిరుగుద్ది" అని చూపెను. అక్కడి జాలరులును స్తంభముల దగ్గఱ నిట్లే చేయుదురని ప్రక్కనున్న చీనా దొరసాని తల యూపినది. పావుగంటలో రెండవ చేప పడెను. "ఒగ్గెయ్" అనగానే పిల్లవాడు దారము వదలెను. చేప నిలిచి, బయటి నీటివైపు తిరిగెను. "ఇప్పుడు లాగు!" ఆ మాట వానికి ముందే వచ్చును. నా చేతులు నాకు తెలియకయే జోడింపబడియుండెను.

చేప వలలోనికి వచ్చినది. కొలువగా అఱువదియొక్క సెంటీమీటరు! ముక్కు కొనమొదలు తోక కొనవఱకు 65 సెంటీమీటరులు లేనిదానిని ఉంచుకొనరాదని ఆ రాష్ట్రపు చట్టము; పెద్దవియైనను మనిషికి ఐదే. పెద్దాయన ముఖము వాడినది. "నలబై ఏళ్ళలో పడిన సేపని నీళ్ళల్లో ఒగ్గలేదు" అనిరి. పిల్లవాడు కొలతబద్దను చూపుచు, "చిన్నది తాతా. ఒగ్గెయ్" అనెను. ఆయన వాని మొగము చూచిరి. పిమ్మట మెట్లు దిగి, చేప తోక పట్టి నీటిలో నుంచి, అది తనంతట తాను విదిలించుకొని పోవువఱకు వంగియుండిరి.

ఆనాడు మఱి పడలేదు. పై వారము 72 సెంటీమీటరులది పడెను. మరదలు చింతపండు పులుసు పెట్టెను. సిడ్నీ వంతెనకు పడమట పట్టినదానిని తినరాదు. పూర్వము కర్మాగారములు విడిచిన డయాక్సిను అను విషము అడుగు మట్టిలో నిలిచియున్నది. 2006 నుండి ఆ రేవున వ్యాపారపు చేపలవేటయే లేదు. మాది తూర్పు వైపున పట్టినదే యైనను మితముగా తినుడని ప్రభుత్వపు హెచ్చరిక గలదు గనుక మిగిలినది పొరుగిండ్లకు పంచితిమి. నాకు మరదలు అడుగకయే వేఱు గిన్నెలో పప్పు వండినది. అందఱమును ఒకే బల్లయొద్ద భుజించితిమి. పెద్దాయన ప్రయాణమును వేసవి ముగియువఱకు వాయిదా వేసికొనిరి.

ఇదంతయు తండ్రిగారికి జాబు వ్రాసితిని. మరదలి పేరు, పిల్లవాని పేరు దాచలేదు. నేను తిరిగివచ్చిన వారమునకు గాని బదులు రాలేదు. మా యారోగ్యములు విచారించి, ఊరి సంగతులు రెండు వ్రాసి, చివర నొక్క పంక్తి: ఆ పిల్లవానికి తెలుగక్షరములు వచ్చునా?

రావని వ్రాసితిని. నిన్న మా వారి చేతికి ఇరువురి కొఱకును మనియార్డరు వచ్చినది. పెద్దబాలశిక్ష కొని సిడ్నీకి పంపవలెనట. నేడు తపాలాలో వేసితిని. జాడీల సంగతి వచ్చు నెల తప్పక వ్రాయుదును.